మిగిలిన ఒక్క ఫార్మాట్

నాకు చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపిస్తుంది, నేను విని టైపు చేస్తాను. ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ వెనకున్న మా వ్యవసాయ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరిన రోజే ఒక ఉత్తరం ఫార్మాట్ తెరిచాను. హెడ్‌ఫోన్లో "బ్రాకెట్, ఎక్స్, పర్సెంట్, క్యూ" అని మొదలైంది. ఇంకోటి తెరిచినా అదే గోల. అన్నీ పాత ఫాంట్‌లో కొట్టినవి. కంటికి తెలుగే కనిపిస్తుందట. లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. నా మిషన్ లోపలున్నదే చదువుతుంది, దానికి మొహమాటం లేదు.

"ఎవలు చేసిండ్రు గీ చెత్త?" అన్నాను గట్టిగా. నా నోరు అలాంటిది. చేసినాయన పక్క సీట్లోనే ఉన్నాడని నాకేం తెలుసు!

ఆయన మా పెద్ద క్లర్కు. ఇరవై ఏళ్ల కిందట అన్ని ఫార్మాట్లూ తానే చేశాడు, ఖాళీల్లో పెట్టిన చుక్కలు వరస తప్పకుండా స్పేస్‌బార్ నొక్కి నొక్కి. వారం రోజులు నాతో మాట్లాడలేదు. మిగతావాళ్లు మంచివాళ్లే. "మీరు కూసోండ్రి మేడం, మేం కొడ్తం" అని నా పనంతా చేసేవాళ్లు. అధికారి కూడా "జీతం వస్తది గదా, ఫికర్ ఎందుకమ్మా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. పరీక్ష రాసి వచ్చింది కుర్చీలో కూర్చోవడానికా? ఒక్క ఉత్తరమైనా మొదటి నుంచి చివరి దాకా నా చేత్తో తయారు కావాలి, అంతే.

తిండికి రమ్మని పిలిస్తే "అక్కర్లే" అనేదాన్ని. రెండు మూడుసార్లు విని పిలవడం మానేశారు. వాళ్ల నవ్వులు వింటూ ఒక్కదాన్నే డబ్బా విప్పేదాన్ని. బయట పసుపు కొమ్ములు పాలిష్ చేసే డ్రమ్ము చప్పుడు.

ఒకరోజు పక్కన కుర్చీ లాగిన చప్పుడైంది.

"బిడ్డా, నా ఫార్మాట్లు గంత చెత్తగున్నయా?" పెద్ద క్లర్కు గొంతు.

హెడ్‌ఫోన్ ఆయన చేతికిచ్చాను. కాసేపు విన్నాడు. "అయ్యో, గిట్ల తిడ్తున్నదేంది!" అని నవ్వాడు. "సరే, నేను సదువుత, నువ్వు కొట్టు."

ఫార్మాట్లన్నీ మళ్లీ కొట్టడానికి అధికారి ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు. అన్నీ మారాకే కొత్తవి వాడాలి, రెండు రకాలుంటే గందరగోళం. రోజూ తిండి గంటలో ఆయన చదివేవాడు, నేను నా మిషన్ చదవగలిగే యూనికోడ్‌లో కొట్టేదాన్ని. ఖాళీలు కూడా వదిలేవాడు కాదు. "చుక్క, చుక్క, చుక్క..."

"చుక్కలద్దు సార్! నా మిషన్ గూడ గట్లనే సతాయిస్తది."

చుక్కల చోట పెట్టెలు పెట్టి, ఒక్కోదానికి పేరిచ్చాం. అక్కడికి వెళ్లగానే "రైతు పేరు ఇక్కడ" అని వినిపిస్తుంది. ఆయన వేల్పూర్ నుంచి వచ్చేవాడు. డబ్బాలో ఉడకబెట్టిన మక్క గుడాలుంటే నాకు సగం పెట్టేవాడు. నా అద్దె గదిలో నాతో మాట్లాడేది ఫోనొక్కటే. అందుకే పొద్దున్నుంచీ ఆ గంట కోసం కాచుకునేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గేముంది.

చివరికి ఒక్కటే మిగిలింది. బదిలీ అయినవాళ్లను పంపే రిలీవింగ్ ఉత్తరం. అదైపోతే నా పని నా చేతికొస్తుంది, నా పక్కనున్న ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. "రేపు చేద్దాం సార్" అన్నాను. మర్నాడూ అదే మాట. నెల గడిచింది. అంత రంకెలు వేసినదాన్ని, పని లేకుండా కూర్చుని మక్క గుడాలు తిన్నాను.

ఆయనా ఎందుకని అడగలేదు.

తర్వాత ఆయనకే ధర్పల్లి బదిలీ అయింది.

"ఇగ రేపనకు బిడ్డా. గదిప్పుడు నాకే గావాలె" అని కుర్చీ లాక్కుని చదవడం మొదలుపెట్టాడు. ఖాళీ దగ్గర ఆగాడు. "చుక్కలు సదవద్దు గదా?"

"సదువుండ్రి సార్" అన్నాను.

ఒక్కటీ వదలకుండా, మెల్లగా అన్నీ చదివాడు.

మర్నాడు ఆ ఫార్మాట్ తెరిచాను. "ఉద్యోగి పేరు ఇక్కడ" అంది మిషన్, స్పష్టంగా. ఆయన పేరు కొట్టాను. అధికారి ఒక్క అక్షరం దిద్దకుండా సంతకం చేశాడు. మొదటి నుంచి చివరి దాకా నా చేత్తో చేసిన మొదటి ఉత్తరం అది.