చెయ్యి పెట్టి చూసిన వేడి

అమలాపురంలో మిషనుతో నొప్పులు తగ్గించే ఒకాయన ఉండేవారు. నొప్పి ఉన్నచోట చల్లటి జిగురు రాసి, దాని మీద మిషను బిళ్ళ ఆనించి తిప్పేవారు. ఆ మిషను వేడి లోపల ఎముక దాకా పోతుందట. అది ఎంతయిందో తెలుసుకోవడానికి ఆయన చేసేది ఒక్కటే. మధ్యమధ్య అరచెయ్యి తిరగేసి, జ్వరం చూసినట్టు చర్మం మీద పెట్టి, "చల్లగానే ఉందండీ" అనేవారు. చల్లటి జిగురు రాస్తే పైన చల్లగా ఉండక ఇంకెలా ఉంటుంది!

మా అక్కది ఆత్రేయపురం. ముప్ఫయ్యేళ్ళు కాలే కుండ మీంచి పూతరేకులు తీసిన మనిషి. భుజం పట్టేస్తే ఆయన దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

"వేడి తగులుతోందాండీ?" అన్నారు, అక్కని బల్ల మీద కూర్చోబెట్టి మిషను పెడుతూ.

"ఇదేం వేడండీ! మా కుండ ముందు ఇదెంత?" అని అక్క నవ్వింది.

ఆయనా నవ్వి, వేడి పెంచి, బిళ్ళని ఒకేచోట అదిమి ఉంచారు.

తెల్లారేసరికి అక్క చెయ్యి పైకి లేవలేదు. మిషను పెట్టినప్పుడే లోపల ఎముక సలిపిందట.

"మరి అప్పుడే చెప్పవేం?" అని అరిచాను.

"ఆయన వేడి సంగతే అడిగేరు కదే."

వెళ్ళి ఆయన్ని నిలదీశాను.

"మీ అక్కగారు చెప్పలేదండీ" అన్నారు నెమ్మదిగా.

"సలుపుతోందా అని మీరడిగితే కదండీ చెప్పడానికి!"

ఆ ఏడాదంతా అక్క కుండ ముందు కూర్చోలేదు. ఆయన్ని తిడుతూ తన జడ నేనే వేసేదాన్ని.

"ఊరుకోవే, మంచాయన" అనేది.

మంచాయనే. నాకు ఇప్పటికీ మండేది అందుకే. చెడ్డవాడైతే అక్క ఆ బల్ల మీదే నోరు తెరిచి అరిచేది.