పేలని తుపాకి, లింబాద్రన్న

నిన్న దుబాయ్ అల్ నహ్దాలోని మా గదిలో రూమ్మేట్ ఒకడు కెటిల్‌కు పట్టిన మడ్డి వదిలించడానికి వెనిగర్ కాచాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే మిగతా ఇద్దరూ కిటికీల వైపు పరిగెత్తారు. నేను మాత్రం కదలకుండా కూర్చుని లింబాద్రన్నను తలచుకున్నాను. ఇలా మొదలుపెట్టానని ఆయన పోయారనుకునేరు. నిర్మల్ పక్కన సొంతూళ్లో నిక్షేపంగా ఉన్నారు. రోజూ ఉదయం నాకు వాట్సాప్‌లో గులాబీ పువ్వు పంపుతారు. నేను చూసి మూసేస్తాను. మా అనుబంధం అంత గాఢమైనది.

నేను దుబాయ్ వచ్చిన కొత్తలో, కరోనా ఆంక్షలు పూర్తిగా పోయాక, ఎగ్జిబిషన్లకూ ఇళ్లకూ పాతకాలపు అలంకరణలు చేసిపెట్టే చిన్న కంపెనీలో కొనుగోళ్ల పనికి చేరాను. అల్ వర్సాన్‌లో మా గోడౌన్. అక్కడి వడ్రంగి లింబాద్రన్న. కొత్త చెక్క మీద చిక్కటి టీ డికాక్షన్ పూసి, ఇనుప పీచు నానబెట్టిన వెనిగర్ రాస్తే అరగంటలో అది నల్లబడి వందేళ్ల ముసలిదయ్యేది. మా ఊళ్లో మనుషులు ముసలివాళ్లు కావడానికి పెళ్లి చేసుకుంటారని నేనంటే, ఆయన నవ్వకుండా బ్రష్ నా చేతిలో పెట్టారు.

నా ప్రొబేషన్ ఆఖరి నెలలో ఒక ఆర్డరు వచ్చింది. ఎనభై దగ్గరపడిన ఎమిరాతీ పెద్దాయన ఒకరు తన మజ్లిస్‌లో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే హాల్లో, తాతగారి జ్ఞాపకంగా ఒక గోడ కట్టించుకుంటున్నారు. పడవ పక్కన తాత నిలబడిన ఫొటో ఒకటి ఉంది. ఆయన చేతిలో పొట్టి తుపాకి, అంటే కార్బైన్. అసలుది ఎప్పుడో పోయింది. అచ్చం అలాంటి నమూనా కావాలి. ఇది సరిగ్గా కుదిరితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఖలాస్ అని ముదీర్, అంటే మా మేనేజరు, నాతో అన్నాడు. అలా నా వీసా ఒక పేలని తుపాకి మీద ఆధారపడింది.

నేనూ లింబాద్రన్నా డేరా పాత బజారుకు వెళ్లాం. నేను అప్పటికి రెండు నెలలుగా ఫోన్‌లో అరబ్బీ నేర్చుకుంటున్నాను. హిందీ బందూక్ అరబ్బీ నుంచే వచ్చిందని ఎక్కడో చదివిన ధీమాతో, దారి అడుగుదామని డ్రైఫ్రూట్స్ దుకాణంలోని సిరియా ఆయన దగ్గర ఆ మాటే వాడాను. ఆయన ఎంతో మర్యాదగా పావుకిలో హేజల్‌నట్లు తూచి ఇచ్చాడు. అరబ్బీలో ఆ మాటకు మొదటి అర్థం అదేనట. తుపాకి కావాలంటే చివర ఇంకాస్త పలకాలట. లింబాద్రన్న ఒక గింజ నోట్లో వేసుకుని, తుపాకి మంచి రుచిగుందన్నారు.

రెండు సందులు దాటాక గుమ్మంలో కూర్చున్న ఒక ముసలి దుకాణదారు ముందు ఆగి, లింబాద్రన్న చేతులు చాపి చూపిస్తూ అచ్చ తెలుగులో "తుపాకి" అన్నారు. ముసలాయన ముఖం విచ్చుకుంది. "తుఫగ్?" అని లేచి లోపలికి దారి చూపాడు. ఇక్కడి పాతవాళ్ల మాట అదేనట. టర్కీలో పుట్టిన ఒకే మాట అటు వీళ్ల ఎడారికీ ఇటు నిర్మల్‌కూ చేరిందని తర్వాత తెలిసింది. నా రెండు నెలల చదువు గింజలిప్పించింది, లింబాద్రన్న ఊరి మాట తుపాకి ఇప్పించింది.

లోపల, ఇక్కడి పెళ్లిళ్లలో తిప్పుతూ ఆడే చెక్క తుపాకులు వరసగా ఉన్నాయి. బాగా మెరిసేది నేను పట్టుకున్నాను. లింబాద్రన్న దాన్ని నా పక్కన నిలబెట్టి, ఫొటో తీసి చూపించారు. "ఇది నీ సంకల దాక వచ్చింది. తాతది నడుముకాడనే ఆగింది. మెరుపు గాదు తమ్మీ, ఎత్తు సూడు." దుకాణదారు వెనకనుంచి పొట్టిది ఒకటి తెచ్చాడు. గొట్టానికి రంధ్రం లేదు, మొత్తం చెక్క. అది బొమ్మేనని రసీదు మీద రాయించుకున్నాకే లింబాద్రన్న కదిలారు.

రెండు రోజుల్లో దాన్ని తాత వయసుకు తెచ్చారు. అది చూసి ముదీర్‌కు ఆశ పుట్టింది. పాత సామాన్లలో తాత తుపాకే దొరికిందని చెబితే పెద్దాయన పొంగిపోతాడు, నువ్వే చెప్పు అని నాకు పురమాయించాడు. నేను తలూపాను. వ్యాన్‌లో లింబాద్రన్న అడిగారు.

"అసలుదేనా అని అడిగితే ఏం జెప్తవ్?"

"ఏదో జోకేసి నవ్వించేస్తాను అన్నా."

"నవ్విచ్చుడు జవాబ్ గాదు తమ్మీ. నకల్ జేసుడు మన పని. అసల్ అని జెప్పుడు మన పని గాదు."

అయినా మిగతా దారిలో నేను మూడు జోకులు సిద్ధం చేసుకున్నాను.

పెద్దాయన తుపాకిని రెండు చేతులా అందుకుని చాలాసేపు నిమిరారు. తర్వాత నా వైపు తిరిగి, "అస్లీ హై?" అని అడిగారు. పక్కన ముదీర్. తలుపు దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డ లింబాద్రన్న నావైపు చూడనైనా చూడలేదు, పైకప్పు చెక్కపని చూస్తున్నారు. మూడు జోకుల్లో ఒక్కటీ రాలేదు.

"నహీ బాబా. నక్లీ హై," అన్నాను.

పెద్దాయన కళ్లు ఒక్క క్షణం వాలాయి, అబద్ధమెందుకు. తర్వాత, అసలుదైతే తాళం వేసి పెట్టాల్సి వచ్చేదని తనలో తాను అనుకున్నట్టుగా హిందీలో అని, మెల్లగా లేచి, ఆ చెక్క తుపాకిని వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, పెళ్లి ఆటలో లాగా రెండడుగులు వేశారు. మోకాలు పట్టేసింది. నవ్వుతూ కూర్చున్నారు. ఎవరు చేశారని అడిగి, తలుపు దగ్గరి మనిషిని లోపలికి పిలిచి, తన పక్కనే కూర్చోబెట్టి ఖహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోయించారు.

సత్యానికి నాకు దక్కిన బహుమానం మరో మూడు నెలల ప్రొబేషన్. ముదీర్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆఫీసు ప్రశాంతంగా ఉండేది. ఆ మూడు నెలలూ లింబాద్రన్న నాకు చెక్కను చూడడం నేర్పారు, తర్వాత ఉద్యోగం ఖాయమై వీసా కూడా నిలిచింది.

ఇప్పుడు వేరే కంపెనీలో అదే పని. కస్టమర్లు ఇప్పటికీ అసలుదేనా అని అడుగుతూనే ఉంటారు. జోకు నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని కాసేపు అక్కడే ఆపి, ముందు జవాబు చెబుతాను. అప్పటికి ఆ జోకు చాలావరకు చల్లారిపోయి ఉంటుంది. అయినా వేస్తాను.