ఓటమిని ఒప్పుకున్న మనిషి

కొండాపూర్‌లో మా అపార్టుమెంటు పక్కన మళ్లీ బండ తొలుస్తున్నారు. కిటికీ తీయగానే తడి రాతిపొడి వాసన. తొంభైల చివర్లో ఈ చుట్టుపక్కలంతా ఇదే వాసన. అద్దాల మేడలు లేస్తున్న ఆ రోజుల్లో నేను గుంటూరు నుంచి వచ్చి, దగ్గరి పల్లె బడిలో టీచరుగా చేరాను. కిష్టయ్యగారిని చూసింది అక్కడే.

ఆ ఏడు సర్పంచ్ పదవికి ఉప ఎన్నిక వచ్చింది. భూముల ధరలకు రెక్కలొచ్చిన కాలం. సర్పంచ్ సంతకానికి ఎక్కడలేని విలువ. పోటీపడిన ఇద్దరిలో కిష్టయ్యగారు ఒకరు. మా బడిలోనే పోలింగు, నాకూ డ్యూటీ పడింది.

మధ్యాహ్నం రాళ్లు కొట్టే కూలీలు ఓటుకు వచ్చారు. పాలమూరు నుంచి వచ్చి, ఏళ్లుగా ఊరి చివర గుడిసెల్లో ఉంటున్నవాళ్లు. వాళ్లకు బోరు వేయించింది ప్రత్యర్థి కాబట్టి ఓట్లు ఎటు పడతాయో అందరికీ తెలుసు. కిష్టయ్యగారి తమ్ముడు మనుషులతో వచ్చి గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"రేపు గుడిసెలు పీక్కొని పోయేటోళ్లకు మా ఊరి ఓటెందుకు?" అని కర్ర ఆడించాడు. ఉన్న ఒక్క కానిస్టేబులు తల తిప్పుకున్నాడు. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వెనుదిరగసాగారు.

అంతలో కిష్టయ్యగారు వచ్చారు. తమ్ముడి చేతిలోని కర్ర లాక్కున్నారు.

"అన్నా, వీళ్లు నీకెయ్యరే!"

"నాకెర్కలేదా? వీళ్లను ఆపి గెలిస్తే నన్ను సర్పంచ్ అంటరా, దొంగ అంటరా? జరుగు."

వెళ్లిపోతున్నవాళ్లను తానే వెనక్కి పిలిచారు. చివరి కూలీ ఓటు వేసి బయటికి వచ్చేదాకా ఎండలో గేటు దగ్గరే నిలబడ్డారు. తనను ఓడించబోయే ఓట్లకు తానే కాపలా కాసిన మనిషిని అలా చూస్తూ ఉండిపోయాను.

సాయంత్రం లెక్కింపులో కొద్ది తేడాతో ఓడిపోయారు. తమ్ముడు మొహం మీదే తిట్టి వెళ్లాడు. ఆయన మాత్రం గెలిచినవాడిని కావలించుకున్నారు.

నేను ఉండబట్టలేక అడిగాను: "తెలిసి తెలిసి ఎందుకు ఓడిపోయారండీ?"

"ఓడితే మల్ల నిలవడొచ్చు టీచరమ్మా. జనానికి ఓటు మీద నమ్మకం పోతే, ఇగ నేను నిలవడి ఏం ఫాయిదా?"

తర్వాత ఆయన ప్రతి గ్రామసభకూ వచ్చి, ముందు వరుసలో కూర్చుని లెక్కలు అడిగేవారు. ఊరి చెరువు శిఖాన్ని, అంటే నీళ్లు నిలిచే నేలను, ప్లాట్లు చేయబోతే, గట్టిగా వద్దన్నది ఆయనే. ఆ రోజు ఆయన పక్కన లేచి నిలబడింది ఆ కూలీలే. చెరువు మిగిలింది. కిష్టయ్యగారు మాత్రం సర్పంచ్ కాకుండానే పోయారు.

మొన్న మా అపార్టుమెంటు సంఘానికి ఎన్నిక ఎందుకు, ఉన్నవాళ్లనే కొనసాగిద్దాం అని కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎన్నిక పెట్టించి, నిలబడి, ఓడిపోయాను. గెలిచినావిడకు చేయి అందించాను. వచ్చే సమావేశంలో ఆవిడను అడగాల్సినవి చాలా ఉన్నాయి.