టవర్‌కు వినబడని నాయిన మాట

సెల్ టవర్ల మరమ్మతు నా ఉద్యోగం. చేరిన కొత్తలో ఊరికి వెళ్తే చాలు, అరుగు మీద కూర్చుని అందరికీ పాఠం చెప్పేవాణ్ణి. టవర్‌ది పెద్ద గొంతు, చేతిలో ఫోన్‌ది చిన్న గొంతు. టవర్ పంపే తరంగం కోసుల దూరం తేలిగ్గా చేరుతుంది. ఫోన్ నుంచి తిరిగొచ్చేది మరీ సన్నం కాబట్టి టవర్‌కు చెవులు పదునుగా ఉండాలి. ఆ చెవులు చెడితే మన మాట ఆ టవర్ కింద ఉన్నవాళ్లకు చేరుతుంది, వాళ్ల మాట మనకు రాదు. ఇంత తెలిసిన పెద్దమనిషిని నేను.

నాయిన గొర్ల కాపరి. ఎండాకాలం మందను తోలుకుని కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డుకు వెళ్తాడు. నీళ్లు తగ్గినచోట పచ్చిక దొరుకుతుంది. ఆ ఏడు అక్కడి టవర్‌కు సరిగ్గా ఆ చెవుల జబ్బే చేసింది. "మాకు ఇనొస్తాంది సారూ, మా మాటే పోతలేదు" అని అక్కడివాళ్లు పక్క ఊరి నుంచి ఫోన్ చేసి చెప్పి వారమైంది. ఎండలో టవరెక్కడానికి బద్ధకించి, రేపు మాపు అంటూ జరుపుతున్నాను.

ఒక మధ్యాహ్నం జడ్చర్ల ఆఫీసులో నలుగురం అన్నం తింటుంటే నాయిన ఫోన్ వచ్చింది. ఎత్తితే గరగర తప్ప ఏమీ లేదు. "నాయినా, మాట్లాడు" అని మూడుసార్లు అరిచాను. పక్కవాళ్లు ముసిముసిగా నవ్వారు. వాళ్ల ముందు చులకనవుతున్నానని నాకు మండింది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"గొర్లెంట తిరిగి తిరిగి మా నాయిన గూడ గొర్రె అయిండు. ఫోన్ పట్టుడు గూడ రాదు" అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. అవతల ఫోన్ పెట్టేశారు. ఏ టవర్ కింద ఉన్నాడో అప్పుడు తట్టింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి టవరెక్కాను. వారం వాయిదా వేసిన పని గంటలో అయిపోయింది. అక్కణ్ణుంచి మంద దగ్గరికి వెళ్లాను. నాయినతోపాటు మందలు మేపే పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నిన్న మీ నాయిన మమ్ములనందర్ని గుట్ట మీదికి పిలిచిండు. 'నా కొడుకు మాట్లాడుతడు, ఇనుండ్రి' అని స్పీకర్ పెట్టిండు" అన్నాడు.

"ఊకోరాదే" అని నాయిన ఆయన్ను ఆపాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పైందని చెప్పాల్సింది పోయి, "నిన్న సిగ్నల్ జర..." అని నసిగాను.

"సిగ్నల్‌కేమైంది బిడ్డా, మంచిగనే ఉండె" అన్నాడు, గొర్రెపిల్ల కాలి ముల్లు తీస్తూ.

ఇన్నేళ్లయినా ఆ తప్పైందన్న మాట నా నోట రాలేదు. ఇప్పటికీ ఫోన్ కలవగానే ఆయన ముందు అడిగేది ఒకటే.

"పక్కన ఎవరన్న ఉన్నరా బిడ్డా? ఉంటె చెప్పు, మల్ల చేస్త."