దూతకి వేసిన కుర్చీ

చెడ్డ వార్త మోసుకొచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అతను స్థిమితపడ్డాక గానీ ఆ వార్త చెవిన వేసుకునేవారు కాదు మా మాస్టారు. ఇల్లు అంటుకుందని చెప్పడానికి వచ్చినా సరే, ముందు కుర్చీ, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే నిప్పు. నేను పెంచి చెబుతున్నానని అనుమానం ఉన్నవాళ్ళు వాళ్ళావిడని అడగొచ్చు. ఓసారి నిజంగానే వంటింటి కిటికీ తెర అంటుకుంటే, పక్కింటాయన గోడ దూకి పరుగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ! మీ వంటింట్లో..."

"ముందు కూర్చో నాయనా. ఇంత ఆయాసమేమిటి! నీళ్ళు తాగు."

"కూర్చునే టైము కాదండీ..."

"తాగు, తాగు. తర్వాత చెబుదువుగాని."

ఆయన గ్లాసు ఖాళీ చేసేసరికి తెర బూడిదైంది. ఆవిడే బిందెడు నీళ్ళు కుమ్మరించి ఆర్పుకున్నారు. "ఆ గ్లాసు నీళ్ళేవో తిన్నగా తెర మీద పోసినా సరిపోయేది" అని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు. మాస్టారు మాత్రం, "తెర కొత్తది కొనుక్కోవచ్చు. అతని ప్రాణం మీదికొస్తే ఎక్కడ కొనుక్కొస్తాం?" అనేవారు.

మాస్టారు మా కాలేజీలో ఇంగ్లీషు శాఖకి పెద్ద. నేను ఆ శాఖలో కొత్తగా చేరిన లెక్చరర్ని. ఇద్దరికీ కలిపి ఒకటే గది, ఒకటే బల్ల. బల్ల మీద మూతపెట్టిన నీళ్ళ కూజా, పక్కన ఒక ఖాళీ కుర్చీ ఎప్పుడూ ఉండేవి. కాలేజీ మొత్తం మీద కుర్చీల కోసం కొట్టుకుంటుంటే మా గదిలో మాత్రం ఒకటి ఊరికే పడి ఉండేది. నేను దాని మీద సంచీ పెడితే, తీసి నా ఒళ్ళో పెట్టేవారు.

"అది దూతదమ్మా."

"ఏ దూత మాస్టారూ?"

"ఎవరో ఒకరు వస్తారు. చెడ్డ వార్తలకి కరువా?"

ఇదంతా పాత ఇంగ్లీషు విషాద నాటకాలు ఆయనకి అంటించిన జబ్బు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అవే చెబుతున్నారు. మిగతా లెక్చరర్లు క్లాసుకి వెళ్తే నాయకుడి అహంకారం గురించి, అసూయ గురించి, అధికార దాహం గురించి చెబుతారు. మాస్టారికి నాయకుడంటే లెక్కలేదు. ఆయన దృష్టంతా రెండు నిమిషాల పాటు వచ్చి రెండు ముక్కలు చెప్పి పోయే దూత మీదే.

"యుద్ధం ఎక్కడ జరుగుతోంది?" అని అడిగేవారు క్లాసులో.

"కొండల అవతల సార్."

"రాజు ఎక్కడున్నాడు?"

"కోటలో సార్."

"మరి ఓడిపోయామన్న సంగతి కోటలోకి ఎలా వచ్చింది? నడిచొచ్చిందా?"

"దూత తెచ్చాడు సార్."

"వాడి పేరేమిటి?"

పిల్లలు పుస్తకాలు తిరగేసేవారు. "పేరు లేదు సార్. ఊరికే దూత అని ఉంది."

"అదీ సంగతి! రాజుగారి గుర్రానికి పేరుంది. కొండలన్నీ దాటి వచ్చినవాడికి లేదు. పోనీ, రాజు వాడికి ఏమిచ్చాడు?"

"చెంపదెబ్బ సార్."

"నీళ్ళు?"

"ఇవ్వలేదు సార్."

"రాసుకోండి. కథ అక్కడే చెడింది."

ఆయన సిద్ధాంతం ప్రకారం ఇంగ్లీషు విషాదాలన్నిటికీ కారణం ఒక్కటే. నోరెండిపోయిన దూత గబగబా సగం చెబుతాడు. నిలబడి ఉన్న రాజు ఆ సగంలో సగం వింటాడు. వెంటనే కత్తి దూస్తాడు. ఇద్దరూ కూర్చుని చెరో గ్లాసు నీళ్ళు తాగి ఉంటే ఐదో అంకం రాసే పనే ఉండేది కాదు. "విషాదం అంటే ఏమిటమ్మా? నిలబడి వార్త వినడం" అని నాతో అన్నప్పుడు నేను పైకి తల ఊపి లోపల నవ్వుకున్నాను. తర్వాత ఇంటికెళ్ళి ఆలోచిస్తే, మా ఇంట్లో జరిగిన పెద్ద గొడవలన్నీ నిలబడే జరిగాయని గుర్తొచ్చి కొంచెం చిరాకేసింది.

కవిత్వం పాఠమైనా ఇదే తంతు. ప్రియురాలి కిటికీ కింద వానలో నిలబడి ప్రేమికుడు పాడుతుంటే క్లాసంతా కరిగిపోయేది. మాస్టారు పుస్తకం దించి, "ఆయన గుర్రం మీద వచ్చాడని రెండో చరణంలో ఉంది. ఇప్పుడా గుర్రాన్ని ఎవరు పట్టుకున్నారు?" అనేవారు. పట్టుకున్న నౌకరు కూడా వానలో తడుస్తున్నాడని, వాడి కోసం ఒక్క పాదం కూడా ఖర్చుపెట్టలేదని తెగ బాధపడేవారు. చివరికి పరీక్షలో, "ఆ నౌకరుకి జలుబు చేసి ఉంటుందా? చర్చించండి" అని ప్రశ్న ఇచ్చారు. ప్రిన్సిపాల్ గారు ఒంటికాలి మీద లేచారు. పిల్లలు మాత్రం అదనపు కాగితాలు అడిగి మరీ రాశారు.

పోనీ ఇదంతా పుస్తకాల వరకేనా అంటే, అదీ కాదు. బిల్లు కట్టడం మర్చిపోయారని వాళ్ళింటికి కరెంటు తీసేయడానికి మనిషి వస్తే, అతనికీ కుర్చీ, నీళ్ళూ అందాయి.

"అతను జాలిపడి వదిలేశాడా మాస్టారూ?" అని అడిగాను.

"వదిలేయడమేమిటమ్మా! అతని ఉద్యోగం పోదూ? తీసేశాడు. నిచ్చెన నేనే పట్టుకున్నాను."

ఇలాంటి మనిషి గదిలోకి ఒక మధ్యాహ్నం ఫిజిక్స్ గారమ్మాయి వచ్చింది.

ఫిజిక్స్ గారంటే మా కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్. ఆరడుగుల మనిషి. మైకు అక్కర్లేని గొంతు. కాలేజీ వార్షికోత్సవానికి మాస్టారు ఏటా ఒక విషాద నాటకం వేయిస్తారు, అందులో రాజు వేషం ఏటా ఈయనదే. అందుకని అందరూ రాజుగారనే పిలిచేవాళ్ళం. మనిషి మంచివాడే గానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎదుటివాడు నోరు తెరిచేలోపు ఆయన అరుపు మొదలవుతుంది. నాటకంలో దూతని కొట్టే ఘట్టంలో నటించడం ఆయనకి చేతనయ్యేది కాదు, నిజంగానే కొట్టేవారు. అందుకే దూత వేషానికి ఏటా కొత్తవాణ్ణి వెతుక్కోవలసి వచ్చేది.

ఆయనకి ఒక్కతే కూతురు. మా కాలేజీలోనే ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. అది ఫస్టు వస్తుందని, పతకం తెస్తుందని రాజుగారు కనిపించినవాళ్ళందరికీ చెప్పేవారు. పతకం తగిలించడానికి హాల్లో గోడకి మేకు కూడా కొట్టేశారు.

ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మాస్టారు ఒక్క మాట అడగకుండా కుర్చీ జరిపి, గ్లాసు నింపి ఇచ్చారు. తాగింది. మళ్ళీ నింపారు. అదీ తాగింది. అప్పుడు చెప్పింది.

"నేను ఫిజిక్స్ పరీక్ష రాయలేదు సార్."

"రాయలేదంటే?" అన్నాను నేను, ఆగలేక.

"హాల్లోకి వెళ్ళాను మేడమ్. పేపరు చూడగానే నాన్న గుర్తొచ్చారు. ఆ మేకు గుర్తొచ్చింది. చేతులు ఆడలేదు. తెల్ల కాగితం ఇచ్చేసి వచ్చాను. ఇంట్లో బాగా రాశానని చెప్పాను."

"నాన్నకి చెప్పేయమ్మా" అన్నాను.

"ఆయన వినరు మేడమ్. మొదటి ముక్కకే చెయ్యెత్తుతారు. వార్షికోత్సవం అయిన వారానికి రిజల్ట్స్ వస్తాయి. ఆ రోజుకి నేను ఇంట్లో ఉండను."

"ఎక్కడికి వెళ్తావు?"

"తెలీదు."

పెద్దాయన ఏం ధైర్యం చెబుతారోనని మాస్టారి వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ తాపీగా అడిగారు.

"ఈసారి నాటకంలో దూత వేషం వేస్తావా అమ్మా?"

కూజా తీసి నా నెత్తిన నేనే కొట్టుకోవాలనిపించింది. ఆ పిల్ల కూడా తెల్లబోయింది. కానీ ఫిజిక్స్ కాని పని ఏదీ ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబోలు, తలూపింది.

"అయితే నాటకం అయ్యేదాకా ఎక్కడికీ వెళ్ళకూడదు. మాటివ్వు. దూత మధ్యలో మాయమైతే నాటకమే ఉండదు" అన్నారు మాస్టారు. ఆ పిల్ల మాటిచ్చి వెళ్ళింది.

"ఏమిటండీ ఇది!" అని విరుచుకుపడ్డాను. "పిల్ల ఇల్లు వదిలి పోతానంటుంటే వేషాలు పంచుతారా? మీరే వెళ్ళి రాజుగారికి నచ్చజెప్పొచ్చు కదా!"

"నేను చెబితే ముందు నా మీద అరుస్తాడు. తర్వాత ఇంటికెళ్ళి దాని మీద అరుస్తాడు. అయినా వార్త దానిదమ్మా. నడుమ మనమెవరం?"

తల పట్టుకు కూర్చున్నాను.

నాటకం పాత ఇంగ్లీషు విషాదాల పోకడలో మాస్టారే మన మాటల్లో రాసింది. దూత వస్తాడు, ఓడలన్నీ మునిగిపోయాయని చెబుతాడు, ఆ తర్వాత అందరూ వరసగా చచ్చిపోతారు. అయితే ఈ ఏడు చెంపదెబ్బ లేదు. రాజు సింహాసనం దిగి, దూతని దాని మీద కూర్చోబెట్టి, స్వయంగా నీళ్ళు పోసి ఇవ్వాలి. "ముందు కూర్చో. నీళ్ళు తాగు. తర్వాత చెప్పు" అనాలి. ఇది చదివి రాజుగారు భగ్గుమన్నారు.

"రాజు నీళ్ళు పోయడమేమిటండీ! నౌకర్లు లేరా?"

"యుద్ధానికి వెళ్ళారండి."

"అయితే మాత్రం, దూతని సింహాసనం మీద కూర్చోబెట్టాలా?"

"స్టేజీ మీద ఇంకో కుర్చీ లేదండి."

"జనం నవ్వుతారు మాస్టారూ!"

"నవ్వితే నా పేరు చెప్పండి."

రిహార్సల్స్ మొదలయ్యాయి. మాస్టారు వేరే ఘట్టం జోలికే పోలేదు. రోజూ సాయంత్రం అదే. దూత రావడం, రాజుగారు అలవాటు కొద్దీ చెయ్యెత్తడం, మాస్టారు పక్క నుంచి, "చెయ్యి కూజా మీదికి వెళ్ళాలి రాజుగారూ, చెంప మీదికి కాదు. మళ్ళీ!" అనడం. ఈలోగా సైనికులు చావడం నేర్చుకోవడానికి వేళ లేక మూల కూర్చుని కునికిపాట్లు పడేవారు. మహారాణికి విషం ఎప్పుడు తాగాలో కూడా ఎవరూ చెప్పలేదు. అడిగితే, "దాహమేసినప్పుడు తాగమ్మా" అన్నారట మాస్టారు.

నాకు ఒళ్ళు మండిపోయేది. రిజల్ట్స్ దగ్గర పడుతున్నాయి, ఆ పిల్ల రోజురోజుకీ చిక్కిపోతోంది, ఈయనేమో కూజా పట్టుకుని ఊరేగుతున్నారు! చివరికి రాజుగారే విసుగెత్తి నా దగ్గర మొరపెట్టుకున్నారు. "నిద్రలో కూడా 'ముందు కూర్చో' అంటున్నానట. మా ఆవిడ లేచి కూర్చుందట. మీ మాస్టారి పిచ్చి నాకూ అంటించేశారమ్మా!"

వార్షికోత్సవం రానే వచ్చింది. హాలు కిటకిటలాడింది. దుమ్ము కొట్టుకున్న బట్టలతో దూత వచ్చి నిలబడింది. రాజుగారు సింహాసనం దిగి, ఆమెని కూర్చోబెట్టి, కూజా ఎత్తారు. హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల నీళ్ళు తాగుతుంటే గుటకల చప్పుడు మైకులో వినబడింది. నవ్వులు మెల్లగా ఆగిపోయాయి. గ్లాసు దించి, "ఓడలు మునిగిపోయాయి ప్రభూ" అంది. రాజుగారు మెట్టు మీద కూలబడి, "అన్నీనా?" అన్నారు. ఆ గొంతులో అంత మెత్తదనం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. చప్పట్లు మోగాయి. తర్వాత అందరూ ఇష్టమొచ్చినట్టు చచ్చిపోయారు.

హాలు వెనక ఉన్న కెమిస్ట్రీ ల్యాబే మాకు వేషాలు మార్చుకునే గది. నేను అట్ట కత్తులు ఏరి పెట్టెలో పెడుతున్నాను. రాజుగారు ఒకవైపు మీసం పీకేశారు, రెండో వైపుది రావడం లేదు. దూత బట్టల్లోనే కూతురు వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, మీకో చెడ్డ వార్త చెప్పాలి. నా పరీక్ష..."

"ఏం చేశావ్?" అని గర్జించారు. ఆయన కుడిచెయ్యి లేవడం చూసి నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను.

దెబ్బ వినబడలేదు. నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడింది.

కళ్ళు తెరిచాను. రాజుగారు ల్యాబు కూజాలోంచి బీకరులోకి నీళ్ళు వంపుతున్నారు. "ముందు కూర్చో. నీళ్ళు తాగు. తర్వాత చెప్పు" అన్నారు. అనేశాక తనే ఉలిక్కిపడ్డారు. కానీ మాట జారిపోయింది, స్టూలు కూడా జరిపేశారు. ఇక చేసేదేముంది, ఎదురుగా మరో స్టూలు మీద తనూ కూర్చున్నారు.

ఆ పిల్ల అంతా చెప్పింది. తెల్ల కాగితం, మేకు, ఇల్లు వదిలి పోదామనుకోవడం, ఏదీ దాచలేదు. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విన్నాకే అడిగారు.

"పేపరంతా ఖాళీయేనా?"

"అంతా నాన్నా."

"హాల్ టికెట్ నంబరైనా వేశావా?"

"వేశాను."

"తప్పుల్లేకుండా?"

"తప్పుల్లేకుండా."

"ఊఁ. ఆ మాత్రం చేశావు" అన్నారు. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వేసింది. ఆయన తన రాజవస్త్రం కొంగుతో దాని కళ్ళు తుడిచారు.

నేను చప్పుడు చేయకుండా బయటికొచ్చాను. తలుపు దగ్గర మాస్టారు కాపలా కాస్తూ, వేషాలు తీసేయడానికి తోసుకొస్తున్న సైనికుల్ని, "కాస్త ఆగండి బాబూ, రాజుగారు లోపల పనిలో ఉన్నారు" అని ఆపుతున్నారు.

"ఇన్నాళ్ళూ రిహార్సల్ నాటకానికి కాదన్నమాట" అన్నాను.

"ఆయన మంచివాడేనమ్మా. చేతికే అలవాటు బాగాలేదు. అలవాటు మారాలంటే రిహార్సల్ తప్ప ఇంకేముంది?" అన్నారు నెమ్మదిగా. ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టబోతే సైనికులు అడ్డొచ్చారు.

తలుపు తెరుచుకుంది. తండ్రీకూతుళ్ళు బయటికొచ్చారు. రాజుగారు మాస్టారిని పక్కకి లాగి గొంతు తగ్గించారు. ఆయన తగ్గిస్తే మామూలు మనిషి కేకంత ఉంటుంది, అందుకే మాకందరికీ వినబడింది.

"మాస్టారూ, ఇప్పుడీ సంగతి మా ఆవిడకి చెప్పాలి."

"చెప్పండి."

"పతకం వస్తుందని ఆవిడ వాళ్ళ చుట్టాలందరికీ కబురు పెట్టేసిందండీ. నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. మీరు కూడా తోడు రాకూడదూ?"

"నాన్నా, నేను చెబుతాలెండి" అంది కూతురు.

"నువ్వుండమ్మా, మీ అమ్మ సంగతి నీకు తెలీదు" అన్నారు రాజుగారు.

మాస్టారు చెప్పులేసుకుని బయల్దేరారు. ముగ్గురూ గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. అటొకరు, ఇటొకరు నడుస్తుంటే మధ్యలో రాజుగారు ఒకవైపు మీసంతో, నెత్తిన కిరీటం తీయడం మర్చిపోయి, చెప్పాల్సిన మాటలు లోలోపల వల్లించుకుంటూ వెళ్తున్నారు.