తలవైపు రాయి

2023 ఏప్రిల్ మొదటి వారం. తాడేపల్లిగూడెంలో నా గ్రానైటు షాపు ముందు సమాధి రాళ్ళు వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. లోపల కటింగ్ మిషను ఆగకుండా అరుస్తోంది. ఈస్టరుకి వారం కూడా లేదు. ఏడాది పొడుగునా ఊరుకున్నవాళ్ళందరికీ చనిపోయిన నాన్నో అత్తగారో సరిగ్గా ఆ వారంలోనే గుర్తుకొస్తారు. ఈస్టరు తెల్లవారుజామున మేం క్రైస్తవులం సమాధుల దగ్గరకు వెళ్ళి కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేసుకుంటాం. పక్క సమాధికి నల్లగా మెరిసే రాయి ఉండి, మనవాళ్ళది మట్టిదిబ్బగా ఉంటే చూడ్డానికి బాగోదు కదా. అందుకని అందరికీ శుక్రవారానికల్లా కావాలి. ముప్పై ఏళ్ళ నా వ్యాపారంలో ఆ వారం నేను ఎవరితోనూ మర్యాదగా మాట్లాడింది లేదు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. పేరు చెక్కే ముందు, అక్షరాలు కత్తిరించిన రబ్బరు షీటు ఒకటి రాయి మీద అతికిస్తాం. అది స్టెన్సిల్. దానిమీద గాలి ఒత్తిడితో ఇసుక కొడితే అక్షరాల మేరకే రాయి అరుగుతుంది. అది శాండ్ బ్లాస్టింగ్. సమాధి దగ్గర సిమెంటు దిమ్మ పోసి అందులో రాయిని నిలబెట్టడం ఫిట్టింగ్. చెక్కడం నాది, ఫిట్టింగ్ సత్తిబాబుది. సత్తిబాబు పెదవేగి మనిషి, హిందువు, నాతో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాడు. రసమట్టం పెట్టకుండానే రాయి ఎటు ఒరిగిందో చెప్పేస్తాడు.

పేర్లు, తేదీలు మారతాయిగాని అడుగున వచ్చే వాక్యం దాదాపు అందరికీ ఒకటే. 'పునరుత్థాన నిరీక్షణతో నిద్రించుచున్నారు.' మళ్ళీ లేస్తామన్న ఆశతో పడుకుని ఉన్నారని అర్థం. ఆ వాక్యం నా కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎన్ని రాళ్ళ మీద కొట్టానో లెక్కలేదు. కాని 2021 మే తర్వాత మాత్రం నమ్మి కొట్టలేదు.

ఆ మే నెలలో నా భార్య సుగుణ కరోనాతో ఏలూరులో ఆసుపత్రిలో పోయింది. అదే జబ్బుతో నేను ఇంట్లో ఒక గదిలో పడి ఉన్నాను. సంగతి ఫోనులో చెప్పారు. ముసుగులు వేసుకున్న మనుషులు ఎవరో ఆమెను సంచీలో కట్టి తెచ్చి, మా ఊరి సమాధుల తోటలో పూడ్చి వెళ్ళిపోయారు. నేను లేచి నడిచే రోజుకి అక్కడ ఒక మట్టిదిబ్బ, దానిమీద నంబరు వేసిన చెక్కముక్క ఉన్నాయి.

రెండేళ్ళయినా ఆ దిబ్బ మీద రాయి లేదు. ఊళ్ళో సగం సమాధులకు రాళ్ళు పెట్టినవాడి భార్యకు రాయి లేదు. ఎవరైనా అడిగితే, మంచి నల్లరాయి దొరకలేదండీ అని అబద్ధమాడేవాణ్ణి. అసలు కారణం వేరు. రాయి తలవైపు పెట్టాలి. ఆమె తల ఎటుందో నాకు తెలియదు. ఒక మనిషిని దింపినట్టు దింపారో, బరువు వదిలించుకున్నట్టు పడేశారో అంతకంటే తెలియదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఎవరినీ అడగలేదు.

ఆ సోమవారం సువార్తమ్మ గారని ఒక పెద్దావిడ షాపుకి వచ్చారు. ముదినేపల్లి అవతల, కొల్లేటి అంచున ఒక పల్లె ఆవిడది. అంత దూరం నుంచి నన్నే వెతుక్కుంటూ రావడానికి కారణం ఉంది. అక్కడి బంకమట్టిలో ఏ రాయి పెట్టినా రెండు వానలకు ఒరిగిపోతుంది. వాళ్ళ బంధువు ఒకాయనకు మేం పెట్టిన రాయి మాత్రం ఇంకా నిటారుగా ఉందట.

"ఏవండీ, మా ఆయనకి రాయి కావాలండీ. ఈస్టరు పొద్దున్నకల్లా."

"ఇప్పుడొచ్చి అడిగితే ఎలాగమ్మా? ఏడాదంతా ఏం చేశారు?" అన్నాను, ఆ వారం అందరితో అన్నట్టే.

"ఏడ్చానండీ," అన్నారావిడ.

కోపంగా అనలేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పారు, అంతే. నేను ఆవిడ చేతిలో కాగితం అందుకున్నాను. భర్త పేరు దావీదు. కొల్లేట్లో వలలు లాగిన మనిషి, గుండెపోటుతో పోయారు.

"అడుగున ఆ మాట కూడా వేస్తారుగా బాబూ? లేస్తారన్న మాట."

"అది అందరికీ వేసేదేనమ్మా," అన్నాను విసుగ్గా.

"అందరికీ వేస్తారా? ఎంత మంచిపనండీ! అందరూ లేవాలి మరి," అని ఆవిడ సంతోషపడ్డారు. నా విసుగు ఆవిడకు తగలనే లేదు.

'ఏడ్చానండీ' అన్న మాట నన్ను వదల్లేదు. మిగతా ఆర్డర్లు వెనక్కి నెట్టి ఆ రాయి తయారుచేశాను. గురువారం సత్తిబాబు వెళ్ళి పెట్టి వచ్చి, ఫోనులో ఫొటో చూపించాడు. రాయి నిటారుగా ఉంది, పేరు రోడ్డు మీదకు చక్కగా కనబడుతోంది. బాగుందన్నాను. శుక్రవారం పొద్దున్న నేను చర్చికి బయలుదేరుతుంటే సువార్తమ్మ గారు ఫోన్ చేశారు.

"బాబూ, రాయి చాలా బాగుందండీ. కాకపోతే కాళ్ళవైపు పెట్టారండీ."

మావాళ్ళను తల పడమరకి, కాళ్ళు తూర్పుకి ఉండేలా పూడుస్తారు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడని, లేచి కూర్చోగానే ఆయన ఎదురుగా కనబడాలని పెద్దల నమ్మకం. అందుకే రాయి పడమటి వైపు, తల దగ్గర ఉండాలి. మా ఊరి తోటలో వరసలన్నీ అలాగే వేసి ఉంటాయి కాబట్టి సత్తిబాబుకి ఇన్నేళ్ళలో అడగాల్సిన అవసరం రాలేదు. ఆ పల్లెలో సమాధులు కాలవగట్టు మీద ఉన్నాయి, రోడ్డు తూర్పున ఉంది.

సత్తిబాబు మీద గట్టిగానే అరిచాను. అతను తొణకలేదు.

"రోడ్డున పోయేవాళ్ళకి పేరు కనబడాలి కదండీ. ఎవరూ చదవని రాయి ఎందుకని మీరే కదండీ ఎప్పుడూ అంటారు? మావాళ్ళకైతే దక్షిణం తల అండీ. మీవాళ్ళకి ఎటో మీరెప్పుడైనా చెప్పారా అండీ?"

చెప్పలేదు. తల ఎటు అన్న మాట రెండేళ్ళుగా నేను నోటితో పలకడమే మానేశాను. ఆ తప్పు సత్తిబాబుది కాదు.

శనివారం పొద్దున్నే చైన్ బ్లాకు, గునపాలు వ్యానులో వేసుకుని ఇద్దరం వెళ్ళాం. గొలుసుతో బరువు ఎత్తే సాధనం చైన్ బ్లాకు. పెట్టిన రాయిని తియ్యడం పెట్టడంకన్నా కష్టం. సిమెంటు రెండు రోజులకే పట్టేసింది. దిమ్మను ఉలితో కొంచెం కొంచెంగా విరగ్గొట్టాలి. ఒక దెబ్బ ఎక్కువైతే రాయి పగులుతుంది, మళ్ళీ చెక్కే సమయం లేదు. రేపు తెల్లవారితే ఈస్టరు. సువార్తమ్మ గారు గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చున్నారు. ఎండ, చేపల చెరువుల వాసన, ఉలి జారి నా వేలికి దెబ్బ. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎటు పెడితే ఏముందమ్మా? లోపలున్నాయనకి తెలుస్తుందా?" అనేశాను.

సత్తిబాబు చెయ్యి ఆగిపోయింది. ఆవిడ మాత్రం గొడుగు నా మీదకు వంచి, "మీవాళ్ళెవరో పోయారు కదండీ బాబూ?" అన్నారు.

చెప్పాను. సంచీ, నంబరు చెక్క, తెలియని తల, అన్నీ చెప్పాను. సత్తిబాబుకి కూడా అంతవరకు తెలియదు. తల ఎటుందో కూడా తెలియకుండా పూడ్చేసిన మనిషిని ఎవరు లేపుతారమ్మా అన్నాను. ఇన్నాళ్ళూ నా కడుపులో ఉన్న ప్రశ్న అదే.

ఆవిడ చెరువు వైపు చూపించారు. "మా ఆయన నడుంలోతు నీళ్ళలో వల లాగుతుండేవారండీ. నేను అన్నం పట్టుకొచ్చి గట్టు మీంచి పిలిచేదాన్ని. ఆయన ఎటు తిరిగున్నా, పిలవగానే ఇటు తిరిగేవారు. నా గొంతుకే తిరిగిన మనిషి, ప్రభువు పిలిస్తే తిరగరా అండీ? మీ ఆవిడ మాత్రం తిరగదా?"

"మరి ఈ రాయి ఎందుకు మార్పిస్తున్నారమ్మా?"

"అది నా కోసం అండీ. రేపు పొద్దున్న ఆయన పక్కన కూర్చుంటాను. ఇద్దరం ఒకవైపే చూడాలి కదండీ. మధ్యలో రాయి వీపు ఉంటే ఎలాగండీ?" అని నవ్వారు. తర్వాత మెల్లగా, "దింపినవాళ్ళు ఉంటారు కదా బాబూ. అడగండి. తెలియనిది తెలిసినదానికంటే ఎక్కువ బాధపెడుతుందండీ," అన్నారు.

మధ్యాహ్నానికి రాయి పగలకుండా పైకి లేచింది. సత్తిబాబు ఊపిరి వదలడం నాకు వినబడింది. పడమటి వైపు కొత్త దిమ్మ పోసి, రాయి నిలబెట్టి, కదలకుండా కర్రలు ఆసరా పెట్టాం. సువార్తమ్మ గారు కాళ్ళ దగ్గర నిలబడి చూసి, "ఇప్పుడు సరిపోయిందండీ," అన్నారు.

ఆకివీడు, భీమవరం మీదుగా సాయంత్రం పొద్దుండగానే ఊరు చేరుకున్నాం. వ్యాను షాపుకి తీసుకెళ్ళకుండా సమాధుల తోట ముందు ఆపమన్నాను. మర్నాటి పండగకు సున్నాలు వేస్తున్నారు. తోట కాపలా చూసే ఏసోబు గారు బక్కెట్టు పట్టుకుని ఎదురొచ్చారు. డెబ్బై దాటిన మనిషి. రెండేళ్ళుగా ఆయన్ని చూస్తే తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయేవాణ్ణి.

"ఏసోబు గారూ, మా సుగుణని దింపినప్పుడు మీరు ఉన్నారా?"

ఆయన బక్కెట్టు కింద పెట్టారు. "ఉన్నానండీ. దగ్గరికి రానివ్వలేదుగాని, ఆ గోడ దగ్గర నిలబడ్డాను. వాళ్ళకి తెలియదు పాపం, తల తూర్పుకి పెట్టి దింపుతున్నారండీ. నేను అరిచాను. బాబూ ఆగండి, తల పడమరకి, ఆవిడ లేచి తూర్పు చూడాలి అని అరిచానండీ. వాళ్ళు మారు మాట్లాడకుండా మళ్ళీ పైకి తీసి, తిప్పి, తాళ్ళతో మెల్లగా దింపారు. పాస్టరు గారు కూడా జబ్బుతో ఉన్నారు కదండీ, నాకొచ్చిన ప్రార్థన నేనే చేశాను."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదండీ?"

"మీరు అడగలేదు కదండీ. నన్ను చూస్తే మొహం తిప్పుకునేవారు. నేను ప్రార్థన చెయ్యడం మీకు ఇష్టంలేదేమో అనుకున్నాను."

నేను ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. రెండు చేతులకీ సున్నం. రెండేళ్ళుగా గుండె మీద ఉన్న బరువు దిగిపోయింది. నా భార్యను మనిషిలాగే దింపారు. ఆమె కోసం ఒకరు అరిచారు, ఒకరు ప్రార్థన చేశారు.

మర్నాడు తెల్లవారుజామున తోట నిండా కొవ్వొత్తులు. సుగుణ దిబ్బకు పడమటి వైపు నేనూ ఒకటి వెలిగించి, పక్కనే తూర్పు ముఖంగా కూర్చున్నాను. ప్రభువు లేచాడని పాస్టరు గారు అంటే, నిజంగా లేచాడని అందరం జవాబు చెప్పాం. ఆ తర్వాత ఆయన సమాధికి వెళ్ళిన ఆడవాళ్ళ సంగతి చెప్పారు. అడ్డంగా ఉన్న పెద్ద రాయిని ఎవరు దొర్లిస్తారా అని దిగులు పడుతూ వెళ్ళారు వాళ్ళు. వెళ్ళేసరికి రాయి దొర్లించే ఉంది.

చిన్నప్పటి నుంచి ఏటేటా వింటున్నదే. రాళ్ళ పని చేసేవాణ్ణి, వాళ్ళ దిగులు నాకే ముందు అర్థం కావాలి. కాలేదు. ఆ పొద్దున్న అర్థమైంది. నేను అడగడానికి రెండేళ్ళ ముందే నా రాయి కూడా ఎవరో దొర్లించి పెట్టారు. తెలియకుండా జరిగిన మేలు ఇంత ఉంటే, ఇంకా జరగాల్సినదాన్ని నమ్మడానికి నాకేం అడ్డం? సూర్యుడు తోట గోడ మీదకు వచ్చేసరికి, సుగుణ లేస్తుందని నాకు నమ్మకం కుదిరింది. ఇప్పటికీ అలాగే ఉంది.

ఈ సంగతి నాకు నేర్పినది వృత్తిపరంగా చూస్తే చిన్నదే. ఇప్పుడు నా ఆర్డరు ఫారంలో పేరు కంటే ముందు 'తల ఎటు?' అని ఒక గడి ఉంటుంది. అది నింపకుండా రాయి కదలదు. కొందరికి జవాబు తెలియదు. వాళ్ళ మీద విసుక్కోను, కూర్చోబెట్టి, ఎవరిని అడిగితే తెలుస్తుందో ఇద్దరం కలిసి ఆలోచిస్తాం. భయపడి అడగనివాళ్ళు నాలా ఇంకా చాలామంది ఉన్నారు.

ఈస్టరు తర్వాత సుగుణ రాయి చెక్కాను. అది జంట రాయి, అంటే ఒక సగంలో పోయినవాళ్ళ పేరు, రెండో సగం ఖాళీగా పాలిష్ చేసి ఉంచుతాం. సత్తిబాబు దాన్ని పడమటి వైపు నిలబెట్టి, రసమట్టం పెట్టి చూసి, ఖాళీ సగం మీద చెయ్యి వేశాడు.

"ఇది మీకాండీ?"

"నాకే. అప్పుడు నువ్వే దగ్గరుండి చూసుకోవాలి. తల పడమరకి."

"అలాగేనండీ. కాని రోడ్డు ఇటు లేదండీ. మీ పేరు ఎవరికీ కనబడదు మరి."

"పర్లేదులే. లేచాక నేనే చెప్పుకుంటాను," అన్నాను.

సత్తిబాబు పకపకా నవ్వాడు, నేనూ నవ్వాను. పరాచికానికి అన్న మాటే. అయినా అన్నాక చూసుకుంటే, అందులో నాకు అనుమానమేమీ లేదు.