గోటికి లొంగే రాయి

హైటెక్ సిటీలో నేను పనిచేసిన కంపెనీ డైరెక్టరుకి దేన్నయినా బొటనవేలి గోటితో గీరి చూసే అలవాటు ఉండేది. కొత్త కుర్చీని, యాపిల్ పండుని, చివరికి నేనిచ్చిన పెళ్ళి శుభలేఖ మీది బంగారు అక్షరాలని కూడా గీరాడు. ఆ గోరంటే నాకు అసహ్యం.

ఆయన గదిలో, గాజుపెట్టెలో, లైటు కింద వివియనైట్ అనే అరుదైన స్ఫటికం ఉండేది. వచ్చిన ప్రతివారికీ దాన్ని బయటికి తీసి, "ఫాస్ఫేట్ జాతండీ. లోపల ఇనుమూ, నీరూ ఉంటాయి. అయినా ఎంత మెత్తనో చూడండి," అంటూ గోటితో గీత పెట్టేవాడు.

నేను భూగర్భశాస్త్రం చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ణి. "ఆ లైటు తీసేయండి సార్. వెలుతురుకి లోపలి ఇనుము మారిపోతుంది. రాయి నల్లబడి పగులుతుంది," అని చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకి ఆ లేత ఆకుపచ్చ రాయి నల్లబడి, నిలువునా చీలింది. బోరబండ నుంచి వచ్చి గదులు శుభ్రం చేసే ఆమెను పిలిపించాడు.

"నేను పెట్టె తెరవనే లేదు సార్. అద్దం బయటనే తుడిచిన," అందామె.

"ఆమె తప్పేం లేదు సార్, లైటు వల్లే," అన్నాను.

"తెలుసండీ," అన్నాడు ఆమె ఎదుటే. "ఒకరిని పనిలోంచి తీసేస్తే మిగతావాళ్ళు జాగ్రత్తగా ఉంటారు."

ఆమె మెడలోని కార్డు తీసి బల్ల మీద పెడుతుండగానే, రేపటికి ఇంకొకరిని పంపమని ఏజెన్సీకి ఫోన్ చేశాడు.

ఇప్పటికీ ఎవరైనా ఆయన్ని పెద్దమనిషి అంటే, నేను అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాను.